రొయ్య పొట్టుతో పెద్ద కట్టడం ప్రింట్ చేయడం: ఎవరైనా చేసి చూశారా?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. విజయవాడలో ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం చదువుతున్నాను. థీసిస్ కోసం నది ఒడ్డున ఒక నీడ మంటపం అనుకున్నాను. ఒక సీజన్ నిలబడాలి. ఆ తర్వాత లారీకెత్తి డంపింగ్ యార్డులో పారబోసే పని లేకుండా మట్టిలో కలిసిపోవాలి. సిమెంటు వద్దు, ప్లాస్టిక్ వద్దు. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌నీ, మొక్కల నుంచి వచ్చే సెల్యులోజ్‌నీ కలిపి 3డి ప్రింటర్‌తో పెద్ద పెద్ద పలకలు తీస్తున్నారని చదివిన దగ్గర్నుంచీ ఇంక వేరే దేని మీదకీ మనసు పోవట్లేదు.

మా గైడ్ మాత్రం "ఎగ్జిబిషన్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది, కట్టడానికి పనికిరాదు" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు, అలాగని గట్టిగా కాదనడానికి నా దగ్గర సరుకూ లేదు. మనిషి ఎత్తు దాటి నిజంగా ఎవరైనా కట్టారా? వాన పడితే ఏమవుతుంది? మామూలు ప్రింటర్‌తో అయ్యే పనేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జిగురు మాస్టారు
కట్టారమ్మా. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో నెరి ఆక్స్‌మన్ బృందం చేసిన "అగ్వాహోహా" మంటపం 5 మీటర్ల ఎత్తు. సెల్యులోజ్, కైటోసాన్, పండ్ల తొక్కల్లో ఉండే పెక్టిన్ అనే జిగురు, నీళ్ళు, అంతే సరుకు. ఆ ఒక్క మంటపానికీ వాళ్ళు చెప్పిన లెక్క: రాలిన ఆకులు 5,740, ఆపిల్ తొక్కలు 6,500, రొయ్య పెంకులు 3,135. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది.

అది ఎలా చేశారో నిదానంగా చదువు, నీకు కావలసిన జవాబు అందులోనే ఉంది. కైటోసాన్ మామూలు నీళ్ళలో కరగదు. కొంచెం ఎసిటిక్ ఆసిడ్ పడితే, అంటే వెనిగర్‌లో ఉండే పులుపే, కరిగి చిక్కటి జిగురవుతుంది. దాన్ని గొట్టాల్లో నింపి, గాలి ఒత్తిడితో నాజిల్ గుండా తోస్తూ, రోబో చేతితో చదునైన బల్ల మీద గీస్తారు. వేడి చేయడం ఎక్కడా లేదు. ఒక్కో చోట జిగురు చిక్కదనం మారుస్తారు, గీత మందం మారుస్తారు. ఎండాక చిక్కటి చోట గట్టి ఈనె, పలచటి చోట మెత్తని పొర వస్తుంది. ఎముకా చర్మమూ రెండూ ఒకే సరుకుతో వస్తాయన్నమాట. ఆ పలక నీరు వదిలేకొద్దీ తనంతట తానే వంపు తిరుగుతుంది. ఎటు ఎంత వంగాలన్నది ముందే గీతల్లో రాసి పెడతారు.

నీకు ఇంకా పనికొచ్చేది సింగపూర్ పని. అక్కడి టెక్నాలజీ అండ్ డిజైన్ విశ్వవిద్యాలయంలో హావియర్ ఫెర్నాండెజ్, స్టిలియానోస్ డ్రిట్సాస్ బృందం 2018లో ఒక పదార్థాన్ని బయటపెట్టింది. ఊమైసీట్లు అని బూజులాంటి జీవులు ఉంటాయి. వాటి కణం గోడలో సెల్యులోజ్ ఎక్కువ, కైటిన్ కాస్త. ఆ కైటిన్ నుంచి తీసేదే కైటోసాన్. ఆ పాళ్ళనే పట్టుకుని ఒక వంతు కైటోసాన్‌కు ఎనిమిది వంతుల సెల్యులోజ్ కలిపారు. దానితో 1.2 మీటర్ల గాలిమర రెక్క పోశారు. సరుకు ఖర్చు కిలోకు 2 డాలర్ల లోపే అని రాశారు. ఎండాక రంపంతో కోయొచ్చు, చిత్రిక పట్టొచ్చు, మేకు దిగ్గొట్టొచ్చు. వడ్రంగి చేతికి లొంగే సరుకు.

సైట్ ఇంజినీర్ 74
మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. నేను కాంక్రీటు ప్రింటింగ్ సైట్లో పనిచేశాను. సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో 2023లో ప్రింట్ చేసిన గుడి చాలామందికి తెలిసే ఉంటుంది. అందులో సిమెంటు రసాయన చర్యతో బిగుసుకుంటుంది. కాసేపటికే కింది వరస పై వరసను మోస్తుంది. మీరు చెప్పే జిగురు బిగుసుకోవాలంటే ఒకటే దారి, నీళ్ళు ఎగిరిపోవాలి. నిలువుగా గోడ లేపితే కింది వరస ఇంకా పచ్చిగా ఉండగానే పైన బరువు పడుతుంది. చతికిలపడుతుంది. వరసకూ వరసకూ మధ్య ఆరేదాకా ఆగుదామంటే పండగ వెళ్ళిపోతుంది.

ఇంకొకటి, బలం. ఎండిన ఆ సరుకు గట్టి ఫోముకీ తేలిక చెక్కకీ మధ్య ఎక్కడో ఉంటుంది. స్తంభంగా, దూలంగా వాడతానంటే నేను సంతకం పెట్టను. దీనికి మన దగ్గర ఐఎస్ కోడ్, అంటే భారతీయ ప్రమాణం, లేదు, గాలికి ఎంత, తడిస్తే ఎంత అని లెక్క కట్టడానికి పట్టిక లేదు. జనం కింద నిలబడే కట్టడం అది. పిల్లలు ఎక్కుతారు, ఊగుతారు.

జిగురు మాస్టారు
ఇంజినీర్ గారి మొదటి మాట వంద శాతం నిజం, అందుకే వాళ్ళెవరూ గోడను నిలువుగా లేపలేదు. పలకలు పడుకోబెట్టి గీసి, ఆరాక తెచ్చి బిగించారు. పెద్ద వస్తువు కావాలంటే ముక్కలుగా చేసి, ఆ ముక్కల్ని అదే జిగురుతో అతికించొచ్చు. అతుకు కూడా అదే సరుకు కాబట్టి మట్టిలో కలిసేటప్పుడు వేరు చేయాల్సింది ఏమీ మిగలదు.

రెండో మాటకు నా జవాబు: స్తంభంగా ఎందుకు వాడాలి? మోసేది వెదురు మోస్తుంది. ఈ పలక కప్పాలి, నీడనివ్వాలి, గాలిని వడకట్టాలి. కృష్ణాతీరం, నీ డ్రాయింగుల్లో ఆ రెండు పనులూ విడదీస్తే నీ గైడ్ కూడా కాదనలేరు.

అట్లాంటిక్ పక్కన
నేను అమెరికా ఈశాన్యంలో ఉంటాను. "బయో" ప్రింటింగ్‌లో నిజంగా మనుషులుండే కొలతకు వెళ్ళింది ఇక్కడి మెయిన్ రాష్ట్రపు విశ్వవిద్యాలయం వాళ్ళు. 2022 నవంబరులో ఓరొనోలో బయోహోమ్ 3డి అని 600 చదరపు అడుగుల ఇల్లు చూపించారు. నేల, గోడలు, పైకప్పు అన్నీ ప్రింట్ చేసినవే. చెక్క పిండి, మొక్కల నుంచి చేసిన రెసిన్. నాలుగు భాగాలుగా తెచ్చి సగం రోజులో బిగించేశారు. వాళ్ళ దగ్గర ప్రింటర్లు కూడా ఆ స్థాయివే. 2019లో 25 అడుగుల పడవను ఒక్క ముక్కగా ప్రింట్ చేసి గిన్నిస్‌కెక్కారు. 2024లో పెట్టిన కొత్త ప్రింటర్ 96 అడుగుల పొడవు వస్తువు తీయగలదు. ఆరబెట్టే గొడవే లేదు, కరిగించి పోస్తే చల్లారి గట్టిపడుతుంది. మంచునూ తట్టుకుంటుంది. ఆ దారి ఎందుకు చూడకూడదు?

జిగురు మాస్టారు
మంచి పని, నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఈ అమ్మాయి అడిగింది వేరు. ఆ చెక్క పిండిని పట్టి ఉంచేది పిఎల్ఏ. మొక్కజొన్న పిండి లాంటి వాటి నుంచి లాక్టిక్ ఆసిడ్ తీసి, దాన్ని ఫ్యాక్టరీలో గొలుసులుగా కడతారు. పుట్టుక మొక్క నుంచే. కానీ ఆ గొలుసు ప్రకృతిలో ఉన్నది కాదు. 60 డిగ్రీల దగ్గర తడిగా ఉంచే కంపోస్టు ప్లాంటులో అయితే కొన్ని నెలల్లో విరుగుతుంది. నది ఒడ్డున మామూలు మట్టిలో పాతితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వాళ్ళు ఆ ఇంటిని మట్టిలో కలపడానికి కట్టలేదు, కరిగించి మళ్ళీ వాడటానికి కట్టారు.

కైటిన్ సంగతి అలా కాదు. రొయ్యలు, పీతలు, పురుగులు, పుట్టగొడుగులు ఎప్పటి నుంచో దాన్ని తయారు చేస్తున్నాయి. దాన్ని తినే సూక్ష్మజీవులు ప్రతి పొలంలోనూ ఉన్నాయి. కైటోసాన్‌లో నత్రజని కూడా ఉంటుంది, కుళ్ళితే పైరుకు మేలే. చూడటానికి రెండూ ఒకే బుట్టలోవి అనిపిస్తాయి గానీ, సీజన్ అయిపోయిన మర్నాడు ఏం చేస్తావన్న దగ్గర రెండు దారులూ విడిపోతాయి.

అట్లాంటిక్ పక్కన
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. శాశ్వతమైన ఇల్లయితే నా దారి, సీజన్ మంటపమైతే మీ దారి.

భీమవరం ప్లాంటు
రొయ్యల మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. ప్రాసెసింగ్ ప్లాంటులో పదేళ్ళ పైచిలుకు పని. దేశంలో సాగు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రావే. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మా గోదావరి జిల్లాల రూపమే మారిపోయింది. రొయ్యను హెడ్‌లెస్ చేసి, పొట్టు వలిచి పంపితే తలా పొట్టూ కలిపి బరువులో 40 శాతం దాటి ఇక్కడే మిగులుతుంది. పీలింగ్ టేబుళ్ళ దగ్గర ఆడవాళ్ళు తెల్లవారుజాము నుంచి వలుస్తుంటే, టబ్బులు నిండినవి నిండినట్టు బయటకి పోతూనే ఉంటాయి. ఎండాకాలం గంటల్లో వాసన మొదలవుతుంది. కొంత దాణాకు పోతుంది, కొంత కైటిన్ యూనిట్లకు పోతుంది. ఏ దిక్కూ లేనిది ఎక్కడో ఒక కాలవ పక్కన తేలుతుంది. ఆ కాలవ పక్కన ఇళ్ళున్నవాళ్ళ బాధ నేను చూశాను.

అందుకే ఈ పని బాగుపడాలని నా కోరిక. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పొట్టు నుంచి కైటోసాన్ తీయడం అంత పచ్చటి పనేమీ కాదు. మొదట హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేస్తే సున్నం నురగ కక్కుతూ కరిగిపోతుంది. తర్వాత కాస్టిక్ సోడాలో మాంసకృత్తులు పోతాయి. అప్పటికి మిగిలేది కైటిన్. దాన్ని 40, 50 శాతం చిక్కటి కాస్టిక్‌లో వేడి చేస్తే కైటోసాన్. ప్రతి మెట్టు దగ్గరా కడగాలి, ఆ కడుగు నీళ్ళన్నీ శుద్ధి చేసి వదలాలి. ఆ శుద్ధి సరిగ్గా చేయని చోట నుంచి సరుకు తెచ్చి మంటపం కట్టి "ప్రకృతి హితం" అని బోర్డు పెడితే, మురికి మా ఊళ్ళో, పేరు మీ ఊళ్ళో.

సైట్ ఇంజినీర్ 74
ఇది అందరూ చదవాల్సిన పోస్టు.

మట్టి మేస్త్రి
మీరందరూ జిగురుతోనే మొత్తం కట్టాలని చూస్తున్నారు. జిగురు కొంచెం, ఒళ్ళంతా మట్టి అనుకుంటే సగం ఇబ్బందులు పోతాయి కదా. ఇటలీలో వాస్ప్ అనే సంస్థ 2018లో గయా అని ఒక చిన్న ఇంటి గోడలు ప్రింట్ చేసింది. మట్టి 25 శాతం, తరిగిన వరిగడ్డి 40, ఊక 25, సున్నం 10. ఊకా గడ్డీ మనకు కొదవా? 2021లో అదే సంస్థ మారియో కుచినెల్లా అనే ఆర్కిటెక్టుతో కలిసి మాస్సా లొంబార్దాలో టెక్లా కట్టింది. అక్కడి మట్టే 60 ఘనమీటర్లు, 12 మిల్లీమీటర్ల వరసలు 350, ప్రింటింగ్‌కు 200 గంటలు. నిలువుగానే లేపారు, గుమ్మటంగా మూశారు.

మట్టిలో గోరుచిక్కుడు బంక, అదే గ్వార్ గమ్, కొద్దిగా కలిపితే బలం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో డర్హమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూపించారు. మన పాత కోటల పనిలో డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పటికీ పురాతన కట్టడాల మరమ్మతుల్లో ఆ పాళ్ళే వాడుతున్నారు, నేను చేతులారా గానుగ దగ్గర కలిపాను. మన ఏజెన్సీలో గిరిజనులు తపసి బంక సేకరిస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. అదీ సహజ పాలిమరే. రొయ్య పొట్టు కోసం భీమవరం దాకా పోకుండా వాటిని కూడా చూడమ్మా.

జిగురు మాస్టారు
మేస్త్రి గారూ, చాలా మంచి దారి చూపించారు. ఫెర్నాండెజ్ బృందమే 2020లో అంగారకుడి మట్టిని పోలిన పొడిలో కాస్త కైటోసాన్ కలిపి ఒక పానా, ఒక ఆవాసం నమూనా చేసి చూపించింది. సూత్రం మీరు చెప్పినదే. ఒక్క ఇబ్బంది: మట్టి గోడకు బరువెక్కువ, పునాది కావాలి. నది ఒడ్డున తాత్కాలికంగా నిలబెట్టి తీసేసే కప్పుకు అది కుదరదు. కూర్చునే అరుగులు, అడుగున పీఠాలు మీ మట్టితో, పైన పలకలు కైటోసాన్‌తో చేస్తే మంటపం మొత్తం మట్టిలో కలిసేదే అవుతుంది.

కృష్ణాతీరం
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. వెదురు మోయడం, పలక కప్పడం అన్న మాటతో నా డ్రాయింగులన్నీ మళ్ళీ మొదలుపెట్టాను.

ఈలోగా హాస్టల్లో ఒక చిన్న ప్రయోగం చేశాను. ఆన్‌లైన్లో కొన్న కైటోసాన్ పొడిని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టును జల్లించి కలిపాను. కిటికీలకు సిలికాన్ పెట్టే గన్‌లో నింపి, ప్లాస్టిక్ షీట్ మీద అడుగు పొడవున గీతలు పక్కపక్కనే గీశాను. మొదట గోధుమరంగు పేస్టులా మెరుస్తూ ఉంది. సాయంత్రానికి పైన తోలు కట్టింది, కింద వేలు పెడితే ఇంకా పచ్చి. మర్నాటికి అంచులు నాలుగు వైపులా పైకి లేచాయి. గీతకూ గీతకూ మధ్య సన్నటి పగుళ్ళు. ఇంకో రెండు రోజులకు అడుగు వైపు బూడిదరంగు బూజు చుక్కలు. కానీ విరిచి చూస్తే గీతలు మాత్రం విరగనంటున్నాయి! చేత్తో విరవలేక బల్ల అంచుకేసి కొట్టాల్సి వచ్చింది. వంకర తిరగకుండా, బూజు రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జిగురు మాస్టారు
చాలా బాగా చేశావమ్మా, లక్షణాలు రాసిన తీరులోనే సగం జవాబు ఉంది. ప్లాస్టిక్ షీట్ మీద గీశావు కాబట్టి నీరు పైనుంచే పోయింది. పైపొర ముందే ఎండి కుంచించుకుంది, అడుగు పచ్చిగా ఉండిపోయింది. ఎండలో అప్పడం అంచులు లేచినట్టు లేచింది. షీట్ తీసేసి, చెక్క ఫ్రేముకు బిగించిన నైలాన్ దోమతెర మీద గియ్యి. రెండు వైపులా గాలి తగులుతుంది. మొదటి రోజు ఎండలో పెట్టకు, నీడలో ఫ్యాన్ కింద ఉంచు. అంచుల్ని ఫ్రేముకు క్లిప్పులతో పట్టి ఉంచు. వంపు కావాలనుకున్న చోట మాత్రం క్లిప్పులు వదిలెయ్యి.

మందం జాగ్రత్త. మందం రెట్టింపు చేస్తే ఆరే సమయం నాలుగింతలు దాకా పోతుంది. దిట్టంగా ఒక గీత కన్నా సన్నగా రెండు గీతలు, మధ్యలో ఆరనిచ్చి, మేలు. రంపపు పొట్టులో బూజుకు ఆహారం ఉంటుంది. వేడినీళ్ళలో ఉడికించి, వార్చి, ఎండబెట్టి వాడు. లేదా కాగితం గుజ్జు వాడు, పోగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి పగుళ్ళూ తగ్గుతాయి. ఆగస్టులో విజయవాడ ఉక్కలో ఇది ఆరదు. పలకలు గీసే పని డిసెంబరు, జనవరిలో పెట్టుకో.

సైట్ ఇంజినీర్ 74
వాన సంగతి ఎవరూ తేల్చలేదు.

జిగురు మాస్టారు
తేలుస్తాను. ఎండిన పలకలో ఎసిటిక్ ఆసిడ్ ఇంకా కైటోసాన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ స్థితిలో వాన పడితే ఉబ్బి, మెత్తబడి, మళ్ళీ జిగురవుతుంది. పలచటి కాస్టిక్ నీళ్ళతో ఒకసారి తడిపి, మంచి నీళ్ళతో కడిగితే ఆసిడ్ పోయి, కైటోసాన్ నీటిలో కరగని స్థితికి వస్తుంది. కరగదు కానీ నీరు పీల్చుకోవడం మానదు, బలం తగ్గుతుంది. దాని మీద పూత ఉండాలి. అవిసె నూనె, మైనం, గుగ్గిలం. గోదావరి మీద చెక్క పడవల పని చేసేవాళ్ళకు గుగ్గిలం సంగతి చెప్పనక్కర్లేదు. లక్క వద్దు, నీరు నిలిస్తే తెల్లబారుతుంది. పూత పెరిగేకొద్దీ మట్టిలో కలిసే వేగం తగ్గుతుంది, అది మాత్రం గుర్తు పెట్టుకో. నా సలహా అయితే వానాకాలం వదిలేసి, సంక్రాంతి నుంచి వేసవి చివరి దాకా అని సీజన్ రాసుకో. కాస్టిక్ పలచటిదైనా సరే, చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

సెట్టింగుల పని
అన్నలారా, నేను పెళ్ళి మంటపాలు, పండగ పందిళ్ళ సెట్టింగులు వేస్తాను. థర్మోకోల్‌తో గోపురాలు, ఏనుగులు, నెమళ్ళు చెక్కుతాం. పెళ్ళి అవగానే పగలగొట్టి సంచుల్లో కుక్కుతాం. కొందరు కాలబెడతారు, ఆ పొగ మా కుర్రాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. ఈ పలకలు నాకు ఎప్పుడు దొరుకుతాయి? నాకు కావలసింది చెబుతాను. రాత్రికి రాత్రి బిగించాలి. మూడు రోజులు నిలవాలి. లైట్ల వేడికి వంగకూడదు, నిప్పురవ్వ పడితే భగ్గుమనకూడదు. రంగు పట్టాలి. ఇద్దరు మోయగలగాలి. యాభై ఏళ్ళు నిలిచే బలం నాకెందుకు?

సైట్ ఇంజినీర్ 74
ఇదిగో, ఈ వాడకానికైతే నేనూ మీతోనే ఉంటాను. గాలికి కొట్టుకుపోకుండా ఫ్రేము నేను లెక్క కట్టి ఇస్తాను, ఫీజు అక్కర్లేదు. నిప్పు సంగతి మాత్రం ఊహించి చెప్పొద్దు. పలక ముక్క ఒకటి సందులో ఎక్కడైనా కాల్చి, ఎంతసేపు మండింది, తనంతట ఆరిపోయిందా లేదా వీడియో తీసి ఇక్కడ పెట్టండి.

కృష్ణాతీరం
తప్పకుండా పెడతానండి. థీసిస్‌లో నది మంటపంతో పాటు సెట్టింగుల వారు చెప్పిన కొలతలకు ఒక పలక కూడా చేరుస్తాను. ప్రింటర్ కోసం కాలేజీ వర్క్‌షాపులో మూలన పడున్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే యంత్రం, అడిగాను. కోసే మోటారు తీసి, గాలి ఒత్తిడితో పనిచేసే గొట్టం బిగించొచ్చన్నారు ల్యాబ్ అన్న. ఇక కావలసింది కైటోసాన్. ఆన్‌లైన్లో చిన్న డబ్బా ధరకే గుండె గుభేల్మంది. భీమవరం ప్లాంటు గారూ, అక్కడ నేరుగా దొరుకుతుందా?

భీమవరం ప్లాంటు
దొరుకుతుంది చెల్లెమ్మా. మందుల గ్రేడు అడిగితే ధర ఆకాశంలో ఉంటుంది, నీకు ఇండస్ట్రియల్ గ్రేడు చాలు. పైగా మాస్టారు చెప్పిన పాళ్ళలో తొమ్మిది కిలోల సరుకులో కైటోసాన్ ఒక్క కిలోనే, మిగతాదంతా గుజ్జు. కొనేటప్పుడు రెండు అంకెలు అడుగు. ఒకటి డీఎసిటైలేషన్ శాతం, అంటే కైటిన్ ఎంత మేరకు కైటోసాన్‌గా మారిందన్నది, తక్కువుంటే నీ వెనిగర్‌లో సరిగ్గా కరగదు, గింజలు గింజలుగా ఉండి నాజిల్‌కు అడ్డం పడుతుంది. రెండోది చిక్కదనం, అదే విస్కాసిటీ. ఈ రెండూ రాసిన టెస్ట్ రిపోర్టు ప్రతి బ్యాచ్‌కూ ఇస్తారు. ఇవ్వమంటే నసిగేవాళ్ళ దగ్గర కొనకు. కడుగు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో కూడా అడుగు, మొహమాటపడకు. ఎఫ్లుయెంట్ ప్లాంటు ఉన్నవాళ్ళు తీసుకెళ్ళి చూపిస్తారు. నువ్వు వచ్చే రోజు ముందుగా ఇక్కడ మెసేజ్ పెట్టు, పీలింగ్ షెడ్డు నుంచి డ్రయర్ దాకా నేనే దగ్గరుండి చూపిస్తాను. తెల్లవారుజామున వస్తే మంచిది, పదింటికల్లా టబ్బులు ఖాళీ అయిపోతాయి.